బడి కబురు ఇంటికి చేరాలంటే ముందు ఆ ఇంట్లో సాయంత్రం ఎవరుంటారో తెలియాలి

డీఎస్సీలో ఎంపికై నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన మీరు, ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో రోజూ జరిగేది తల్లిదండ్రులకు తెలియజేయడానికి డైరీ మేలా, వాట్సాప్ గ్రూపు మేలా అని అడిగారు. పెట్టిన గ్రూపు శుభోదయాలతో, దేవుళ్ల బొమ్మలతో నిండిపోయిందని, సగం మంది తెరిచి చూడడమే లేదని కూడా రాశారు. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు, ఊరి పిల్లలూ తండాల పిల్లలూ కలిసి చదివే ఇటువంటి చిన్న బడిలోనే చాలా కాలంగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో డైరీయా, గ్రూపా అన్నది తరువాతి సంగతి. సాయంత్రం పిల్లవాడు ఇల్లు చేరేసరికి అక్కడ ఉండే మనిషి ఎవరు, ఆ మనిషికి ఎలా చెబితే అందుతుంది అన్నది ముందుగా తేల్చుకోవాలి.

మన రిజిస్టర్లలో ఉండేది సాధారణంగా తండ్రి పేరు, తండ్రి ఫోన్ నంబరు. ఆ తండ్రి హైదరాబాదులో ఆటో నడుపుతూనో, మేస్త్రీ పనిలోనో ఉంటాడు. తల్లి పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే కూలీల ఆటో ఎక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి వస్తుంది. పుణె, ముంబయి దాకా పోయే పాలమూరు వలసల గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇలాంటి ఇళ్లలో పిల్లల మంచిచెడ్డలు చూసేది నాయనమ్మో అమ్మమ్మో; ఆమె చేతిలో ఉండేది మీటల ఫోను. మీరు గ్రూపులో పెట్టిన కబురు హైదరాబాదులోని తండ్రి ఫోనుకు చేరి అక్కడే ఆగిపోతుంది. అందుకే జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమానికి ఇల్లిల్లూ తిరిగేటప్పుడు నేను వేరే నోటుపుస్తకం ఒకటి పట్టుకుపోతాను. సాయంత్రం ఇంట్లో ఉండేదెవరు, వారి దగ్గర ఏ రకం ఫోను ఉంది, చదవగలరా, ఇంట్లో తెలుగు మాట్లాడతారా లంబాడీ మాట్లాడతారా అన్నవి అందులో రాసుకుంటాను. ఏడాది పొడవునా నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఆ పుస్తకమే.

పెద్ద ఫోను ఉన్న ఇళ్లకు నేను టైపు చేసి పంపడం దాదాపుగా మానేశాను. బడి వదిలాక నిమిషానికి మించకుండా మాట్లాడి ఆ వాయిస్ మెసేజ్ పంపుతాను. చదువు రాని తల్లి కూడా వంట చేసుకుంటూ దాన్ని వింటుంది, ఊరికి దూరంగా ఉన్న తండ్రి రాత్రి పడుకునే ముందు వింటాడు. అయితే అందులో ఏం చెబుతామన్నదే అసలు విషయం. 'ఈ రోజు గణితంలో స్థానవిలువలు బోధించడమైనది' అని చెబితే ఇంట్లోవారు చేయగలిగేది ఏమీ ఉండదు. 'రెండో తరగతి పిల్లలు ఈ రోజు చింతగింజలను పదేసి కుప్పలుగా పెట్టి లెక్కపెట్టారు, ఇంట్లో మీరూ గుప్పెడు గింజలిచ్చి పదేసి పెట్టమనండి' అని చెబితే అక్షరం ముక్క రాని నాయనమ్మ కూడా మనవడి చదువు చూడగలుగుతుంది. 2022లో తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ప్రాథమిక తరగతుల్లో మన దృష్టి అంతా చదవడం, రాయడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల మీదే ఉంది కాబట్టి, ఇంట్లో చేయించి చూడదగిన పని రోజుకొకటి దొరకడం కష్టమేమీ కాదు. ఐదు తరగతుల సంగతులూ ఒకే రోజు చెప్పాలని మాత్రం చూడకండి. రోజుకు ఒక తరగతి చాలు.

ఇంగ్లీషు మీడియం వచ్చాక 'మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చూస్తం సార్' అనే మాట తరచుగా వినిపిస్తోంది. 2022-23 నుంచి వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులోనూ, దాని ఎదుటి పేజీ తెలుగులోనూ ఉంటుందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. ఒకసారి పుస్తకం తెరిచి చూపిస్తే ఆ భయం చాలావరకు పోతుంది, హైస్కూలుకు పోయే అక్కో అన్నో ఆ తెలుగు పేజీ చదివి వినిపిస్తారు.

తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది చదువు గురించి కాదు, తిండి గురించి. ఏం తిన్నాడు, సరిగ్గా తిన్నాడా, ఏ నీళ్లు తాగుతున్నాడు అని అడుగుతారు. నీళ్ల గురించి మా జిల్లాలో ఎవరైనా అడిగితే దాన్ని తేలికగా తీసుకోకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకరపోయినవారిని, పళ్లు గారపట్టినవారిని చూస్తూ పెరిగిన తరం ఇప్పుడు తల్లిదండ్రులైంది. బడికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయా, రాని రోజున ఏం చేస్తున్నాం అన్నది దాచకుండా చెప్పాలి. భోజనం విషయమూ అంతే. గుడ్డు పెట్టాల్సిన రోజున పెట్టలేకపోతే ఆ సంగతి మన నోటి నుంచే ముందుగా వెళ్లాలి. పిల్లలు ఇంటికి పోయి ఎలాగూ చెబుతారు, మనం మౌనంగా ఉంటే గుడ్లు ఎవరింటికి పోయాయన్న ప్రశ్న మరునాటికి ఊరంతా తిరుగుతుంది. ఎండనక వాననక వంట చేసి పెట్టే అక్కలు ఆ మాట పడాల్సి రావడం అన్యాయం.

కొన్ని కబుర్లు జరిగాక చెబితే పనికిరావు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో వచ్చే జాతీయ నులిపురుగుల నివారణ దినం అటువంటిదే. ఆల్బెండజోల్ మాత్ర వేస్తామని, దాన్ని నమిలి మింగాలని, కడుపులో పురుగులున్న పిల్లలకు కాసేపు వికారమో కడుపునొప్పో రావచ్చని, జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయబోమని ముందు రోజే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే ఒక్క పిల్ల వాంతి చేసుకున్నా 'బడిలో ఏదో మందు వేసిండ్రట' అని తండా మొత్తం గేటు ముందుకు వస్తుంది. మార్చి నడుమ మొదలయ్యే ఒంటిపూట బడులూ అంతే. బడి మధ్యాహ్నం పన్నెండున్నరకే వదిలేస్తే ఆ వేళకు తల్లి చేలో ఉంటుంది కాబట్టి, ఆ కబురు ఆమెకంటే ముందు ఇంట్లో ఉండే ముసలామెకు తెలియాలి.

దెబ్బలు తగలడం, కొట్లాటలు, తలలో పేలు, పక్క తడపడం, ఫలానా పిల్లకు చదవడం రావడం లేదన్న మాట వంటివి గ్రూపులో ఎన్నటికీ పెట్టకూడదు. ఇవి ఒక ఇంటి సంగతులు. ఊరికి తెలిస్తే ఆ పిల్ల మరునాడు బడికి రాదు. దెబ్బ తగిలితే పిల్లవాడు ఇల్లు చేరకముందే ఫోన్ చేయాలి, ఆ ఫోనులో మొట్టమొదటి మాట వాడు బాగున్నాడనే ఉండాలి. బడి నుంచి ఫోన్ వచ్చిందంటేనే మనవాళ్లు కంగారు పడతారు. 'ఏమైంది సారూ, మా పోరడు ఏం జేసిండు?' అన్నదే మనకు వినిపించే తొలి మాట. 'అమ్మా, బాబు బాగనే ఉన్నడు, ఆడుకుంటుంటే మోకాలు గీసుకపోయింది, కడిగి మందు రాసినం, రాత్రి ఒకసారి చూడండి' అంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఎవరి వల్ల దెబ్బ తగిలిందో అడిగితే నేను పేరు చెప్పను. ఆ రెండో ఇంటికి నేనే విడిగా ఫోన్ చేస్తాను. మంచి సంగతికి కూడా అప్పుడప్పుడు ఫోన్ చేయండి. తడబడుతూ చదివే పిల్ల మొదటిసారి కథ మొత్తం చదివిందని చెప్పడానికి ఫోన్ చేస్తే, అవతల కాసేపు నమ్మరు.

ఇక మీరు అడిగిన గ్రూపు సంగతి. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు మార్చితే శుభోదయాలు ఆగిపోతాయి. నాకు మాత్రం గ్రూపు కంటే, ఒకే సందేశం ఒక్కొక్కరికీ విడివిడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టే నచ్చుతుంది, ఎందుకంటే గ్రూపులో ప్రతి తల్లి నంబరూ అందరికీ కనిపిస్తుంది, దాని వల్ల వేళగాని వేళ ఫోన్లు వచ్చి ఇబ్బంది పడ్డవారు ఉన్నారు. బ్రాడ్‌కాస్ట్‌లో ఒక మెలిక ఉంది: మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది, చేరకపోతే ఆ సంగతి మీకు విడిగా ఎవరూ చెప్పరు. కాబట్టి బడిబాట రోజునే వారి ఫోను తీసుకుని మీ నంబరును మీరే సేవ్ చేసి ఇవ్వండి. తండా ఇళ్ల కోసం ఇంటర్ చదివిన ఒక తల్లి నా మాటలనే లంబాడీలో చెప్పి పంపుతుంది, వాటికి వచ్చినన్ని జవాబులు నా తెలుగుకు ఎప్పుడూ రాలేదు.

మీటల ఫోను ఇళ్లకు పిల్లలే వార్తాహరులు. బడి వదిలే ముందు 'ఇంట్లో చెప్పాల్సిన మాట' ఒక్కటి పిల్లలందరి చేత రెండుసార్లు గట్టిగా అనిపిస్తాను. ఒకటో తరగతి పిల్లలు కూడా దాన్ని తప్పకుండా ఇంటికి మోసుకుపోతారు. అదే మాటను గేటు పక్క నల్లరంగు వేసిన గోడ మీద సుద్దముక్కతో రాస్తాను, కిరాణా కొట్టుకు పోయేవారు చదివి పక్కవారికి చెబుతారు. డైరీ నాలుగు, ఐదు తరగతుల పిల్లలకే బాగుంటుంది, అదీ ఆ ఒక్క వాక్యాన్ని పిల్లలే తమ మాటల్లో రాసుకుంటే. దాని కింద వేలిముద్ర వేయించుకురమ్మని నేను అడగను, చదువు రాదని మనవరాలి ముందు ఒప్పించడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫోటోల విషయంలో చేయి కాస్త వెనక్కి పెట్టడమే మంచిది. మనం తీసే ఫోటోల్లో చాలావరకు పైవారికి చూపడానికి తీసినవే, తల్లిదండ్రులకు వాటిలో తమ పిల్లవాడు వెతికినా కనబడడు. పిల్లల వరుస ఫోటో కంటే ఒక పిల్ల నోటుపుస్తకంలోని పేజీ ఫోటో ఆ పిల్ల ఇంటికే పంపడం మేలు. పిల్లల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా అంటోంది.

సమావేశాల గురించి పెద్దగా చెప్పేది లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. 2024 నుంచి మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలూ వచ్చాయి. పత్తి రోజుల్లో పగలు ఎవరూ రారు కాబట్టి, వారిని బడికి పిలిచే బదులు రాత్రి పూట జరిగే మహిళా సంఘం సమావేశానికి మీరే వెళ్లి పది నిమిషాలు అడిగి తీసుకోండి.

చివరగా, ఇదంతా మీ సొంత నంబరు మీద కాకుండా బడి పేరున ఒక సిమ్ తీసుకుని దాని మీద నడపండి. బదిలీ అయినప్పుడు ఆ ఫోనూ, నేను చెప్పిన ఆ నోటుపుస్తకమూ మీ తరువాత వచ్చే ఉపాధ్యాయుడి చేతిలో పెట్టి వెళ్లవచ్చు.