పేరు ఒక చోటిది, పుట్టుక మరో చోటిది: పిల్లల క్విజ్‌కు ప్రశ్నలు

దసరా సెలవుల్లో మీ కాలనీ పిల్లలకు క్విజ్ పెట్టాలనుకుంటున్నామనీ, అందులో తిండి, రత్నాలు, చరిత్ర, మాటల ఆట అన్నీ ఉండాలనీ, పోటీ ముగిశాక కూడా గుర్తుండే ప్రశ్నలు ఎలా తయారుచేసుకోవాలో చెప్పమనీ అడిగారు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పోటీలు నడుపుతున్నాను కనుక నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

మొదట్లో నేను కూడా పోటీ పరీక్షల పుస్తకాల్లోంచి ప్రశ్నలు ఏరుకునేవాణ్ని. చార్మినార్ ఏ సంవత్సరంలో కట్టారని అడిగితే ఇద్దరు 1591 అనేవారు, మిగిలినవారు మౌనంగా కూర్చునేవారు. తెలియనివాడు ఆలోచించి పట్టుకునే దారి ఆ ప్రశ్నలో లేదు. ఒక అక్టోబరులో సీతాఫలాల బుట్టను పిల్లల మధ్య పెట్టి, ఈ పండు ఏ ఖండంలో పుట్టిందని అడిగాను. సీత పేరు ఉంది కనుక మన దేశానిదే అని అందరూ ఒక్కసారిగా అన్నారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగర్ సీతాఫలం మనకు ఎంత సొంతమైనా, ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణమండలమని చెప్పగానే ఒక పిల్లవాడు చేతిలోని పండును తిప్పి తిప్పి చూశాడు. మరి మిరపకాయ ఎక్కడిదని వాడే అడిగాడు. అదీ అక్కడిదే, మనవాళ్లకు అంతకుముందు తెలిసిన కారం మిరియాలది, ఆ మిరియాల పేరే కొత్త కాయకు వచ్చి చేరింది. వేరుశనగ సంగతీ అంతే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ పంట శనగ కాదు, వేరుకు కాసేదీ కాదు: పువ్వు నేలపైనే పూస్తుంది, ఫలదీకరణ తరువాత దాని ఊడ మట్టిలోకి దిగితే కాయ లోపల ఊరుతుంది. ఒక మొక్కను వేళ్లతో సహా తెచ్చి చూపించగలిగితే పిల్లలు ఈ మాటను ఇక మరచిపోరు.

ఆ రోజు నుంచి పేరు ఒక చోటును చూపిస్తూ, వస్తువు మరో చోట పుట్టిన సంగతులనే వెతుక్కుంటున్నాను. హైదరాబాద్‌లో వాటికి కొరత లేదు. గోల్కొండ వజ్రాలంటాం కానీ కోట కొండలో వజ్రపు గని లేదు. గోల్కొండ అన్నది వజ్రాలు అమ్ముడుపోయిన చోటు, ప్రసిద్ధమైన గని మాత్రం కృష్ణ ఒడ్డున నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అక్కడికి స్వయంగా వెళ్లి చూసి రాశాడు.

ఈ వజ్రాల దగ్గరే నేను ఒకసారి తప్పు చేశాను. నిజాం నగల్లోని జాకబ్ వజ్రం ఎక్కడ దొరికిందన్న ప్రశ్నకు నా కాగితంలో గోల్కొండ అని ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి దక్షిణాఫ్రికా అంది, నేను తప్పన్నాను. ఇంటికి వెళ్లి సరిచూసుకుంటే ఆమె చెప్పిందే నిజం. మరుసటి వారం అందరి ముందూ ఆ మార్కులు ఇచ్చి, పొరపాటు నాదని చెప్పాను. వజ్రాలకు పేరుపడ్డ ఊరి పాలకుడు తన పెద్ద వజ్రాన్ని సముద్రాల అవతల తవ్వినదాన్ని కొనుక్కున్నాడన్న విషయం ఆ రోజుతో నా మనసులో పాతుకుపోయింది. సుమారు 185 క్యారెట్ల ఆ రాయిని 1995లో భారత ప్రభుత్వం మిగతా నగలతోపాటు కొన్నది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములని చెప్పి బరువు గ్రాముల్లో కట్టమనండి. 37 గ్రాములని పిల్లలే లెక్క వేస్తారు.

ముత్యాల ప్రశ్న కూడా తప్పక పెట్టండి. సముద్రం లేని ఊరికి ముత్యాల నగరమన్న పేరు ఎలా వచ్చిందంటే, ఇక్కడ దొరికినందువల్ల కాదు, గల్ఫ్ నుంచి వచ్చినవాటిని ఇక్కడ బెజ్జం వేసి, గుచ్చి, అమ్మినందువల్ల. పత్తర్‌గట్టిలో ఒక పెద్దాయన రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్ది చూడమని నా చేతిలో పెట్టారు. అసలువి సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడాయి. నవరత్నాల్లో రాళ్లు కానివి ఎన్ని అన్న ప్రశ్నను దీని వెంటనే అడగవచ్చు: రెండు, ముత్యం, పగడం, రెండూ సముద్రపు ప్రాణులు తయారుచేసేవే. కెంపు, నీలం రంగులో వేరైనా ఒకే ఖనిజమన్నది పెద్ద పిల్లలకు మంచి ప్రశ్న. ఆ ఖనిజానికి ప్రపంచమంతా వాడే కోరండం అన్న పేరు మన దక్షిణాది భాషల మాటల్లోంచి వెళ్లిందే, తెలుగులో దాన్ని కురువిందం అంటాం.

మాటల ఆటకు వికటకవి అందరికీ తెలుసు కనుక దానితో మొదలుపెట్టి, ఎటు నుంచి చదివినా మారని రుచి ఒకటి, రత్నం ఒకటి చెప్పమనండి. జవాబులు పులుపు, ముత్యము. మా పిల్లలు రెండో దానికి కాస్త సమయం తీసుకున్నారు, ముత్యం అని సున్నాతో రాస్తే కుదరదు కదా. చివరికి పలకమీద మూడక్షరాలుగా విడదీసి రాసిన పిల్ల, అంతటితో ఆగకుండా కునుకు, మడమ కూడా రాసి ఇచ్చింది.