గింజలు పులియబెట్టి తింటే ఐరన్ మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, శాకాహారిని. హిమోగ్లోబిన్ 10.2 ఉందని ఐరన్ మాత్రలు రాశారు, వేసుకుంటే మలబద్ధకం. శనగలు, సోయా, నువ్వులు రోజూ తింటున్నా, వాటితో గ్యాస్. పులియబెట్టి తింటే ఐరన్ పెరుగుతుందట కదా, మాత్రలు ఆపేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆపొద్దండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడుకుందాం.

పులియబెడితే గింజలో ఐరన్ పెరగదు, ఉన్నది ఒంటికి పట్టడం పెరుగుతుంది. గింజల్లో ఫైటిక్ యాసిడ్ ఉంటుంది. మొలకెత్తే రోజు కోసం గింజ దాచుకున్న ఫాస్ఫరస్ అది, కానీ మన పేగుల్లోకి వచ్చాక ఐరన్‌నీ, జింక్‌నీ పట్టుకుని వదలదు. పిండిలో పులుపు ఎక్కేకొద్దీ ఫైటేజ్ అనే ఎంజైమ్ (గింజలో కొంత ఉంటుంది, సూక్ష్మజీవులు కొంత తయారుచేస్తాయి) దాన్ని విరగ్గొట్టేస్తుంది, ఆ తర్వాత ఉడికించినా ఈ లాభం పోదు. మీ గ్యాస్ సంగతీ ఇలాంటిదే. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరల్ని అరిగించే ఎంజైమ్ మనకు లేదు, అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా తిని గ్యాస్ చేస్తుంది. పులియబెడితే ఆ పని చాలావరకు గిన్నెలోనే అయిపోతుంది!

రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రుబ్బి, వెచ్చని చోట 8 నుంచి 12 గంటలు ఉంచండి. నిన్నటి పులిసిన పిండి ఒక స్పూన్ కలిపితే త్వరగా అందుకుంటుంది. పుల్లటి వాసన మామూలే. బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి వాడుకుందాం అనుకోకండి, మొత్తం పారేయండి, కొన్ని బూజుల విషం వండినా పోదు. పులిసింది కదా అని పచ్చిగా తినడమూ వద్దు, రాజ్మా లాంటివైతే కనీసం 10 నిమిషాలు బాగా మరగాల్సిందే. వండితే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది కదా అంటారు. చావనివ్వండి, మనకు కావాల్సిన పని అప్పటికే చేసేసింది.

పులిసిన పిండిలో బి12 దొరుకుతుందని మాత్రం నమ్ముకోవద్దు, మీరు శాకాహారి కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోండి. భోజనంలో నిమ్మరసం పిండుకోండి, టీ, కాఫీ గంట ఆగి తాగండి.

మలబద్ధకానికి మాత్ర మార్చొచ్చు, రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతీ ఉంది, మీ డాక్టర్‌ని అడగండి. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా నిల్వలు నిండేదాకా దాదాపు మూడు నెలలు వాడాలి. ఇంకోటి, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందా అన్నది మీరు రాయలేదు. అదే కారణమైతే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి, లేకపోతే ఎన్ని గింజలు పులియబెట్టినా వచ్చిన ఐరన్ వచ్చినట్టే పోతుంది.