కొబ్బరి మట్టల మీద మూడు చుట్లు

"దహనం, ఖననం రెండూ వద్దనుకునేవాళ్లకు మన శ్రీకాకుళం వైపు వేరే మార్గం ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు.

ఉంది. ఒక్కటే ఉంది, దేహదానం. మిగతావన్నీ ఫోన్లో చూసి ముచ్చటపడటానికే. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు 2021 డిసెంబరులో పోతే ఆయన దేహాన్ని నిప్పులో పెట్టలేదు, క్షారం కలిపిన వేడినీళ్లలో కరిగించారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం దేహాన్ని ఎరువుగా మార్చడానికి 2019లోనే చట్టం చేసింది. ఈ ముక్క మా వీధి అరుగు మీద చెబితే ఒక పెద్దాయన "ఏ పంటకేత్తారు?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. వాటి సంగతి వదిలేద్దాం.

నాకీ విషయం ఎలా తెలుసంటే, ఆమదాలవలస దగ్గర నాకు మూడు ఐసు పెట్టెలున్నాయి. అవే, ఫ్రీజర్ బాక్సులు. అమెరికా నుంచో దుబాయ్ నుంచో కొడుకు వచ్చేదాకా పెద్దవాళ్లను పడుకోబెట్టే అద్దాల పెట్టెలు. మొదట ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి, తర్వాత ఇందులోకి వచ్చాను. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడి కాలు చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా కాలిపర్, చంకలో కర్ర. పెట్టె ఎత్తడం దించడం కుర్రాళ్లు చూసుకుంటారు. వైరు లాగడం, స్టెబిలైజర్ పెట్టడం, కంప్రెసర్ చప్పుడు విని అది తెల్లారిందాకా ఆడుతుందో లేదో చెప్పడం నా పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ పక్కన కూర్చుని రాత్రంతా డీజిల్ పోసిన రోజులున్నాయి. అద్దె దగ్గర బేరం మాత్రం అప్పుడూ ఆడారు.

పొద్దున్నే కుంటివాడు ఎదురొస్తే శకునం మంచిది కాదని మా ఊళ్లో చిన్నప్పటి నుంచి అనేవాళ్లు. ఇప్పుడు నా వెనకాల ట్రాలీ ఆటోలో పీనుగుల పెట్టె కూడా ఉంటుంది కాబట్టి శకునం డబుల్ అయ్యింది. పెళ్లిళ్లకు శుభలేఖ ఇస్తారు గానీ, తప్పకుండా రావాలని ఎవరూ గట్టిగా అనరు.

అసలు నేను చెప్పాలనుకున్నది మా నాన్న పోయిన రోజు సంగతి. పదేళ్ల పైమాట. భాద్రపదం, నాలుగు రోజులుగా ముసురు. నాగావళి ఒడ్డున ఇసుకంతా తడిసి ముద్దగా ఉంది. నేను పెద్ద కొడుకుని, తలకొరివి నాదే. ఇంటి దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. పాడె లేచి, దింపుడు కళ్లం దాటి, ఏటిగట్టు దిగాక మొదలైంది పంచాయితీ.

"తోలు బూటుతో సితి సుట్టూ తిరుగుతావేట్రా?" అన్నాడు మా పెదనాన్న.

కాలిపర్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కాలికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తొడ దగ్గర తోలు పట్టీ, మోకాలి దగ్గర తాళం, కింద బూటు. ఆ బూటుకే కడ్డీలు బిగించి ఉంటాయి. బూటు విప్పానంటే కాలు విప్పినట్టే. స్నానం చేసి తడి పంచెతో మళ్లీ అదే తోలు కట్టుకోవడం ఇంకో తప్పు. మైల అన్నారు, నాన్న ఆత్మ అన్నారు, ఊళ్లో ఎప్పుడూ లేదన్నారు. చివరికి మేనమామ మెల్లిగా "తమ్ముడు సేత్తాడులే, నువ్విలా కూకో" అన్నాడు. జాలిగానే అన్నాడు. మిగతా అందరి కంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

నేను కూర్చోలేదు. కుండ అందుకున్నాను. ఎడమ భుజం మీద నీళ్ల కుండ, కుడి చంకలో కర్ర. రెండడుగులు వేసేసరికి కర్ర జానెడు లోతు ఇసుకలోకి దిగిపోయింది. లాగితే కుండ ఒరుగుతుంది, కుండ పట్టుకుంటే కర్ర రాదు. ఇరవై ముప్పై మంది మగాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. పంతులుగారు వాన వచ్చేలోగా ముగిస్తే చాలన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నారు.

కాటికాపరి ముసలాయన అప్పటిదాకా కట్టెలు సర్దుతున్నాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా గట్టెక్కి వెళ్లి, రాలిపోయిన కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి చితి చుట్టూ పరిచాడు. మట్ట మీద మట్ట అడ్డంగా వేసి కాలితో తొక్కి గట్టిపడిందో లేదో చూసుకున్నాడు. ఐదు నిమిషాల పని. "బావూ, దీన్మీద అడుగెయ్యి. నాను ఎనకాలుంటాను" అన్నాడు. మూడు చుట్లూ తిరిగాను. ప్రతి చుట్టుకూ కుండకు కత్తి మొనతో చిల్లి పెట్టింది మా తమ్ముడే. ఆ నీళ్లు నా వీపు మీద పడి కాలిపర్ పట్టీ అంతా నానింది. వెనక్కి చూడకుండా కుండ వదిలాను. ఆ పట్టీ ఎండాక బిగుసుకుపోయి తొడ మీద పుండు చేసింది. కర్మలు అయ్యేదాకా ఆ పుండుతోనే తిరిగాను.

ఇప్పటికీ ఆ శ్మశానానికి సరైన దారి లేదు. షెడ్డు వేశారు, దానికి రంగులూ వేశారు. గట్టు దిగడానికి మాత్రం మెట్లే, పక్కన ర్యాంపు లేదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, జనం వాడుకునే ప్రతిచోటా మాకు అందుబాటు ఉండాలంది. శ్మశానం జనం వాడుకునే చోటు కాదేమో! 2024లో పింఛను 6,000 చేశారు, సంతోషమే. ఆ తర్వాత సర్టిఫికెట్లు మళ్లీ చూస్తామంటూ క్యాంపుకి పిలిచి గంటల తరబడి ఎండలో నిలబెట్టారు. నలభై ఏళ్ల కిందట పోయిన కాలు మళ్లీ మొలిచిందేమోనని అనుమానం కాబోలు.

ఇదంతా మీ ప్రశ్నకు జవాబు కాదంటారా? నా లెక్కలో ఇదే జవాబు. మన జిల్లాలో జనం వేరే మార్గం అడుగుతున్నది చెట్ల మీద ప్రేమతో కాదు. ఒక చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె పడుతుంది, నిజమే, కానీ ఆ లెక్క నన్నెవరూ అడగలేదు. అడిగేది పాడె మొయ్యడానికి నలుగురు దొరకనివాళ్లు. కుర్రాళ్లంతా హైదరాబాదు, చెన్నై, విశాఖ పోయారు. పెట్టె తీసుకెళ్లిన ఇంట్లో మా కుర్రాళ్లే భుజం పట్టిన సందర్భాలు నాకు గుర్తున్నంతలోనే చాలా ఉన్నాయి.

దేహదానం విషయానికొస్తే, 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారని టీవీలో చూశాక నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బతికుండగానే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం నింపాలి, సాక్షుల సంతకాలుండాలి, అందులో ఇంట్లోవాళ్లు ఒకరైతే మంచిది. మీరెంత సంతకం పెట్టినా, ఆ రోజు ఇంట్లోవాళ్లు వద్దంటే ఎవరూ వచ్చి తీసుకెళ్లరు. పోస్టుమార్టం జరిగితే తీసుకోరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉన్నా తీసుకోరు. కర్మలు ఎలా అని భయపడక్కర్లేదు, దర్భలతో బొమ్మ చేసి జరిపించినవాళ్లను నేను చూశాను.

కళ్లు ఇవ్వాలనుకుంటే మాత్రం నాకంటే ముందు ఐ బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. ఆరు గంటల్లోపే తీసుకోవాలి. రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాను ఆపండి, తల కింద దిండు పెట్టండి. షుగరున్నా, కళ్లజోడున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫర్వాలేదు. ఈ మాట చెప్పినందుకు ఒకింట్లో నన్ను తిట్టి పంపారు, పెట్టె మాత్రం ఉంచుకున్నారు.

నేనూ ఫారం నింపాను. కారణం పుణ్యం కాదు, నా కాలు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రకటించారు. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో చేరే పిల్లలకు ఇది పుస్తకంలో బొమ్మే. నా కాలు కదలదు గానీ చీమ కుడితే తెలుస్తుంది. ఆ వైరస్ వెన్నుపాములో కదిలించే నరాల కణాలను చంపుతుంది, స్పర్శ జోలికి పోదు. ఎండిన పిక్క ఎలా ఉంటుందో, కండ ఎక్కడ ఆగిపోయిందో వాళ్లు కోసి చూసుకోనీ. నాలాంటివాళ్లం ఇంకో ముప్పై నలభై ఏళ్లలో అయిపోతాం, తర్వాత కావాలన్నా దొరకం. కాలేజీలో గుమస్తా "అవకరం ఉన్నవి తీసుకుంటారో లేదో" అని నసిగాడు. తీసుకుంటారు, ఎందుకు తీసుకోరు?

సాక్షి సంతకానికి తమ్ముణ్ణి పిలిచాను. వాడు ఫారం రెండుసార్లు చదివి "మరి కుండ ఎవరు మొయ్యాలన్నయ్యా?" అన్నాడు. "కుండే ఉండదురా" అన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, సంతకం పెట్టేసి, వదిన వడ్డించిన అన్నం ముట్టకుండా బండెక్కి వెళ్లిపోయాడు. సంక్రాంతికి వచ్చాడు. ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.