ఆంధ్ర లొయోలా చరిత్ర రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల మీద నువ్వు రాసి పంపిన ప్రతిని పూర్తిగా చదివాను. నీ వాక్యం నిలకడగా ఉంది, శ్రమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది, కాబట్టి మొహమాటం లేకుండానే నా అభిప్రాయం చెబుతాను. మొదటి అధ్యాయాలన్నీ ప్రిన్సిపాళ్ల పేర్లతో, వారి హయాంలో లేచిన భవనాలతో, వచ్చి వెళ్లిన అతిథులతో నిండిపోయాయి. ఆ వివరాలను కళాశాల ఉత్సవ సంచికలు ఎప్పుడో భద్రపరిచాయి, వాటిని మళ్లీ వరుసగా పేర్చడానికి నువ్వు అక్కర్లేదు. ఈ కళాశాల ఎవరికి కావలసి వచ్చింది, చివరికి ఎవరికి అందింది అన్న ప్రశ్నను పుస్తకం పొడుగునా వెంటబెట్టుకుని నడిస్తేనే నీ శ్రమకు సార్థకత ఉంటుంది.

కళాశాల 1953 డిసెంబరులో ఏర్పడి, 1954లో తరగతులు మొదలుపెట్టిందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయావు. అక్కడ నువ్వు ఆగవలసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తర్వాత ఏడాది తిరగకుండానే తెలుగువారికి రాష్ట్రం దక్కింది కానీ, మద్రాసు దక్కలేదు. 1925లో మద్రాసు నుంగంబాక్కంలో ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ అనే కతోలిక సన్యాస సభకు చెందిన గురువు) ఫాదర్ బెర్ట్రామ్ నెలకొల్పిన లొయోలా కళాశాలకు తమ పిల్లలను పంపే స్తోమత ఉన్న కృష్ణా, గుంటూరు కుటుంబాలకు ఆ ఊరు ఒక్కసారిగా పొరుగు రాష్ట్రమైంది. బెజవాడకు ఇంతకుముందే మరో లోటు ఉంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదలైంది ఈ ఊళ్లోనే అయినా 1930లో అది వాల్తేరు తరలిపోయింది. కొత్త రాష్ట్రంలో రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. ఈ సంగతులే కళాశాల స్థాపనకు కారణమని తీర్మానించకు, అందుకు పత్రాల సాక్ష్యం కావాలి. అయితే ఆంధ్ర కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) జెస్యూట్లను కళాశాల పెట్టమని కోరిన రోజుల్లో ఊరి మనసు ఎలా ఉందో పాఠకుడికి తెలియాలంటే వీటిని పక్కపక్కన పెట్టి చూపించక తప్పదు.

జెస్యూట్లు ఎవరన్నది కూడా రెండు పేరాల్లోనైనా చెప్పు. మన పాఠకుల్లో చాలామందికి తెల్లని అంగీ వేసుకున్న ప్రతివారూ ఒక్కలాంటి ఫాదర్ గారే. ఇగ్నేషియస్ లొయోలా స్థాపించిన యేసు సభకు 1540లో పోపు ఆమోదం దొరికింది, 1599 నాటికే వారు తమ కళాశాలలన్నింటికీ ఒక ఉమ్మడి బోధనా ప్రణాళికను రాసిపెట్టుకున్నారు, 1773లో సభ రద్దయింది, 1814లో మళ్లీ ప్రాణం పోసుకుంది. మనకు దగ్గరి విషయం ఇంకొకటి ఉంది. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషను రాయలసీమ మీదుగా గుంటూరు ప్రాంతం దాకా వచ్చింది. ఫిరంగిపురం వంటి ఊళ్లలో రెడ్డి, కమ్మ కతోలిక కుటుంబాలు ఈనాటికీ కనిపించడానికి మూలం ఆ కాలంలోనే ఉంది. ఆ తర్వాత చాలాకాలం ఈ ప్రాంతపు విచారణలను, అంటే పారిష్‌లను, చూసుకున్నది ఇతర సభల గురువులు. బెజవాడ వైపు మిలాన్ నుంచి వచ్చిన పిమే అనే మిషనరీ సంఘపు గురువులు పనిచేశారు. అందువల్ల 1953లో మదురై ప్రావిన్సు (సభ పాలనా విభాగం) జెస్యూట్లు బెజవాడలో అడుగుపెట్టడం పాత బంధం ఉన్న నేలకు తిరిగి రావడమే. దీన్ని రాస్తే నీ కథకు లోతు వస్తుంది.

ఆ ప్రావిన్సు పాత పత్రాలు కొడైకెనాల్ దగ్గరి షెంబగనూరులో ఉన్నాయి. జెస్యూట్లు తమ ఇళ్ల రోజువారీ సంగతులను డైరీగా రాసుకునే అలవాటున్నవారు, పై అధికారులకు క్రమం తప్పకుండా నివేదికలు పంపేవారు, ఏ ఏడాది ఎవరు ఏ ఇంట్లో ఏ పనిలో ఉన్నారో అచ్చువేసే జాబితాలు కూడా వారికి ఉంటాయి. ముందుగా ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని వెళ్లు. రెక్టర్ అంటే అక్కడి సన్యాస కుటుంబానికి పెద్ద అనీ, చదువుల వ్యవహారం ప్రిన్సిపాల్‌దనీ, ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు కరస్పాండెంటువనీ తెలుసుకున్నాకే ఆ కాగితాలు తెరువు, లేకపోతే ఏ నిర్ణయం ఎవరిదో అంతుపట్టదు. పేదరికపు వ్రతం తీసుకున్న జెస్యూట్ అధ్యాపకుడి జీతం అతని సొంతం కాదు, సభకు చెందుతుంది. ఇటువంటి సంగతి భవనాల పట్టికకన్నా ఆ సంస్థ నడిచే తీరును బాగా చెబుతుంది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ప్రవేశాల గురించి. నీ ప్రతిలో ‘అన్ని వర్గాల విద్యార్థులూ చదువుకున్నారు’ అనే వాక్యం మూడు చోట్ల ఉంది. అది అబద్ధమని నేను అనను, అయితే ఆ వాక్యం చెప్పేది బహు తక్కువ. ఆంధ్రదేశంలో క్రైస్తవుల్లో అధిక సంఖ్యాకులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా నమోదైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1970లో మన రాష్ట్రం వారిని వెనుకబడిన తరగతుల జాబితాలో సి గ్రూపులో పెట్టింది, దాని వాటా ఒక్క శాతం. అంటే ఒకే పల్లెలో, ఒకే పేటలో పుట్టిన ఇద్దరు పిల్లల్లో హిందువుగా నమోదైనవాడికి దక్కే ఎస్సీ హోదా బాప్తిస్మం సర్టిఫికెట్టు ఉన్నవాడికి దక్కదు. కతోలిక కళాశాలలో రెండోవాడికి సీటు దొరకవచ్చు, కానీ హాస్టలు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? విచారణ గురువు ఉత్తరం రాసి పంపారా, సభ సాయం చేసిందా, లేక ఆ పిల్లవాడు టర్ము మధ్యలోనే ఊరికి తిరిగి వెళ్లిపోయాడా? మరోవైపు కాలువల కింద రెండు పంటలు పండించే డెల్టా రైతుల పిల్లలు, మతంతో నిమిత్తం లేకుండా, ఇంగ్లీషు చదువు కోసం, క్రమశిక్షణ కోసం అదే గేటు దాటి వచ్చారు. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు అక్కడ చదివారని నువ్వు గర్వంగా రాశావు, ఉండనీ. ఆయనతోపాటు అదే బెంచీల మీద కూర్చున్నవారి ఊళ్లూ తండ్రుల వృత్తులూ ఏమిటో కూడా వెతుకు. కళాశాల వారు అంగీకరిస్తే పాత ప్రవేశాల రిజిస్టర్లలో పేర్లు వదిలేసి, ఊరు, మతం, కులం, తండ్రి వృత్తి, చదువు ముగించాడా లేదా అన్న కాలమ్స్ మాత్రం రాసుకో. ఒక్కో దశాబ్దానికి ఒక ఏడాది చూసినా చాలు, నీ చేతిలో అసలు చరిత్ర ఉంటుంది. ఫలితం సంస్థకు కీర్తి తెచ్చేదిగా ఉన్నా లేకున్నా ఉన్నదున్నట్టు రాయి. పేదల పక్షాన నిలబడతామని చెప్పుకునే సభ చరిత్రకు అంతకన్నా న్యాయమైన కొలబద్ద నాకు తోచదు.

దీనికి అనుబంధంగా రాజ్యాంగం 30వ అధికరణం గురించి కాస్త చదువు. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు అది. అహ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇటువంటి కళాశాలల పాలకవర్గంలోనూ అధ్యాపకుల మీది చర్యల్లోనూ విశ్వవిద్యాలయం ఎంతవరకు వేలుపెట్టవచ్చో చెప్పింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సొంత సిలబసు, సొంత పరీక్షలతో వచ్చిన స్వయంప్రతిపత్తిని దీనితో కలిపి చూడాలి.

ఆవరణలోని జీవితం గురించి నువ్వు రాసిన అధ్యాయం అందంగా ఉంది, అయితే అందులో చెట్లే ఎక్కువ, మనుషులు తక్కువ. మీ నాన్నగారి ట్రంకు పెట్టెలో దొరికిన హాస్టలు మెస్ రసీదును అడుగున ఒక చిన్న నోట్సులో పెట్టి వదిలేశావు. అమ్మా, దాన్ని అధ్యాయం మధ్యలోకి తీసుకురా! డివైడింగ్ సిస్టంలో నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవారి మధ్య పంచుతారు. ఆ ఒక్క కాగితంలో బియ్యం ధర, ఆ నెల ఎంతమంది ఉన్నారన్నది, సంక్రాంతికి ఇంటికి వెళ్లినవారికి ఎన్ని రోజులు తగ్గించారన్నది, బకాయి పడితే జరిమానా ఎంత అన్నది అన్నీ ఉంటాయి. దాన్ని చేతిలో పెట్టుకుని నాన్నగారిని అడుగు: రాత్రి స్టడీ అవర్‌లో వార్డెన్ ఫాదర్ వరండాలో నడుస్తుంటే ఏం చేసేవారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రవాడు మొదటి నెల ఇంగ్లీషు పాఠాన్ని ఎలా భరించాడు, కతోలిక పిల్లలు పూజకు వెళ్లిన వేళ మిగిలినవారు ఎక్కడ ఉండేవారు, నైతిక విలువల క్లాసును నిజంగా ఎవరైనా విన్నారా? ‘ఆ రోజులు బంగారం’ అని ఆయన అంటే రాసుకో, కానీ అక్కడ ఆపకు. పరుపు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో, స్నానానికి ఎంతసేపు వరుసలో నిలబడ్డారో అడిగితే జ్ఞాపకం గాలిలోంచి నేలమీదికి దిగుతుంది.

గుణదల కొండ కళాశాలకు దగ్గరలోనే ఉంది కాబట్టి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లను వదలకు. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ మరియమ్మ స్వరూపాన్ని నిలిపినప్పటినుంచి పెరుగుతూ వచ్చిన ఉత్సవమది. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొండెక్కే హిందువులు ఆ జనంలో ఎందరో ఉంటారు. బ్రాకెట్లు కట్టి మతాలను విడదీసి చూసే అలవాటున్న పాఠకుడికి ఈ ప్రాంతపు కతోలిక జీవితం ఎటువంటిదో ఆ మూడు రోజులు చెప్పగలవు. అలాగే 1962లో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లు ఆడపిల్లల కోసం మారిస్ స్టెల్లా కళాశాల తెరిచారు. నగరంలో మగపిల్లల చదువూ ఆడపిల్లల చదువూ ఎన్నాళ్లు వేరు వేరు గోడల మధ్య నడిచాయో, ఆ గోడలు తర్వాత ఎలా తగ్గాయో రాయడానికి నీకంటే తగినవారు లేరు.

బయటి కాలం కూడా గేటు లోపలికి రావాలి. 1969లో పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1972, 73లో జై ఆంధ్ర ఉద్యమంతో కోస్తా కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ పైన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు బెజవాడ రూపురేఖలనే మార్చేశాయి. వీటిలో ప్రతిదాని గురించీ ఆనాటి విద్యార్థిని, అధ్యాపకుణ్ణి, ఆఫీసులో గుమస్తాను, మెస్‌లో వంట చేసినాయనను వేరువేరుగా అడుగు. వంటవారి వయసు ముందే పైబడి ఉంటుంది కాబట్టి మొదట వారిదగ్గరికి వెళ్లు. ఇంటివారి అనుమతితో మాటలు రికార్డు చేసుకుని, అదే రోజు రాత్రి కాగితం మీద పెట్టు. ఎవరైనా తమ పేరు వద్దంటే ఆ మాటకు కట్టుబడు.

ప్రతిని వెనక్కి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టాను, ఒప్పుకోనివి చెరిపేసెయ్యి. మొదటి అధ్యాయం జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు ప్రవేశాల రిజిస్టర్ల కోసం ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు పెట్టు, జవాబు వచ్చేలోగా మెస్ రసీదు అధ్యాయం తిరగరాసి దసరాలోపు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు