అటక దిగిన మైక్‌సెట్టు: ప్లగ్గు పెట్టే ముందు ఒక్క బల్బు

దసరా దగ్గర పడుతుంటే అటకల మీది మైక్‌సెట్లు, పాత స్టీరియోలు కిందికి దిగుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే. అన్నిటికీ జవాబు రాయలేం కాబట్టి నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇస్తున్నాం.

ప్రశ్న: అన్నా నమస్తే. మా నాయన పెళ్లిళ్లకు, బతుకమ్మకు మైక్‌సెట్టు తిప్పేవాడు. ఆయన వాడిన వంద వాట్ల ఆంప్లిఫయర్ చాలా ఏళ్లుగా మూలకు పడి ఉంది. మొన్న దించి తుడిచాను. ఒకసారి కరెంటు పెట్టి చూడరా అని ఇంట్లో అందరూ అంటున్నారు, నాకేమో టెన్షన్. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ టెన్షనే కరెక్టు తమ్ముడూ, ఇంట్లోవాళ్ల మాట వినకండి. అన్నేళ్లు కరెంటు చూడని ఫిల్టర్ కండెన్సర్లలో (డీసీ కరెంటులోని అలలను సాపు చేసే డబ్బాలు) ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి పడితే లీకేజీ పెరిగి, వేడెక్కి, ఉబ్బి, ఒక్కోసారి టపాసులా పేలతాయి కూడా. అది పోయినా పర్లేదు, కోఠి గుజరాతీ గల్లీకి పోతే ఇంకోటి దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితేనే కష్టం. పాత సెట్టులో అసలు విలువంతా ఆ ఇనుములో, ఆ రాగిలో ఉంది. రివైండింగ్‌కు ఇద్దామన్నా సరిగ్గా చుట్టేవాళ్లు ఇప్పుడు తక్కువ.

కాబట్టి ముందు మూత విప్పి చూడండి. బోర్డు మీద ఎండిపోయిన బల్లి, ట్రాన్స్‌ఫార్మర్ సందులో కందిరీగ కట్టిన మట్టిగూడు, వైర్ల మీద ఎలుక పళ్ల గాట్లు – మన దగ్గర అటక దిగిన సెట్లలో ఈ మూడింట్లో ఒకటైనా ఉంటుంది. మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి, తడిబట్ట లోపలికి రానివ్వకండి. తర్వాత ఫ్యూజు తీసి చేతిలో పట్టుకుని చూడండి. గాజు గొట్టానికి రాగితీగ చుట్టో, సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టో ఉంటే అస్సలు ఆశ్చర్యపోవద్దు, పెళ్లి మధ్యలో ఫ్యూజు పోతే మైక్‌సెట్టు వాళ్లు చేసే పనే అది. దాన్ని పీకేసి, సెట్టు వెనక రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే వేయండి.

ఇక బల్బు సంగతి. ఒక చెక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు బిగించి, సాకెట్టుకు వెళ్లే ఫేజు వైరు ఆ బల్బు గుండా పోయేలా కనెక్షన్ ఇవ్వండి. మెకానిక్కులు దీన్నే సీరీస్ బల్బు అంటారు. బల్బు మాత్రం లోపల తీగ ఉండే పాతరకానిదే కావాలి, అరవై లేదా వంద వాట్లది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఊళ్లో దొరక్కపోతే కోళ్లఫారం వాళ్లను అడగండి, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం వాళ్లు అవే వాడతారు. స్పీకర్లు తీసేసి (వాల్వు సెట్టయితే మాత్రం ఉంచాలి), ఆంప్లిఫయర్‌ను ఆ సాకెట్టుకు పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా తగ్గి, ఎర్రటి తీగలా మిగిలితే మంచిదే. తగ్గకుండా అదేపనిగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే తీసేయండి. ఇలా షార్టున్నా కూడా కరెంటంతా బల్బు మింగుతుంది, మీ ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. అదీ దీని గొప్పతనం.

బల్బు తగ్గితే అలాగే కొన్ని గంటలు ఉంచండి, దగ్గరే కూర్చోండి. బల్బు కరెంటును అదుపులో ఉంచుతుంది కాబట్టి కండెన్సర్ల పొర మెల్లగా మళ్లీ తయారవుతుంది. మధ్యలో కండెన్సరు డబ్బా వెచ్చబడుతోందా, పైభాగం ఉబ్బుతోందా చూడాలి. అయితే ప్లగ్గు పీకకుండా చెయ్యి పెట్టొద్దు. పీకాక కూడా అందులో ఛార్జి ఉంటుంది, వంద ఓమ్‌ల ఐదు వాట్ల రెసిస్టర్‌ను ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకుని రెండు కాళ్లకూ ఆనించి ఖాళీ చేశాకే ముట్టుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో టప్పున షార్టు చేసే మెకానిక్కులను చూసి నేర్చుకోవద్దు.

ప్రశ్న: సార్, నా దగ్గర ఎనభైల నాటి స్టీరియో ఆంప్లిఫయర్ ఉంది. పాట ఆపినా గుయ్యిమని ఒకటే మోత. రైస్ మిల్లుల లైన్ వల్ల అని ఒకరు, కండెన్సర్లన్నీ మార్చాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మిల్లులను వదిలేయండి, వాటి పాపం ఇందులో లేదు. కండెన్సర్లన్నీ మార్చమన్న ఆయన మాట సగం నిజం కావొచ్చు, కానీ చూడకుండా చెప్పాడు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మోత కూడా తగ్గితే తప్పు ఇన్‌పుట్ వైపు ఉంది: షీల్డు తెగిన వైరు, వదులైన ఎర్తింగ్, లేదా ఫోను ఛార్జింగులో పెట్టి పాటలు వేయడం. వాల్యూమ్ సున్నాలో ఉన్నా మోత అలాగే ఉంటే పవర్ సప్లై చూడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే భాగం) నాలుగు డయోడ్లూ పనిచేస్తుంటే వచ్చే మోత 100 హెర్ట్జ్ ఉంటుంది, అంటే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయని. ఇంకా లావుగా, 50 మీద ఉంటే బ్రిడ్జిలో ఒక డయోడ్ పోయి ఉండొచ్చు, అప్పుడు మీరు కండెన్సర్లన్నీ మార్చినా మోత పూర్తిగా పోదు. డయోడ్ చెక్ చేయడానికి మామూలు మల్టీమీటరు చాలు.

కండెన్సరు మార్చాల్సి వస్తే, 4700 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు) ఉన్నచోట 4700 కానీ 6800 కానీ వేయండి. ఎంత పెద్దది వేస్తే అంత బేస్ వస్తుందని 22000 పెట్టేవాళ్లున్నారు, స్విచ్ వేయగానే అది లాగే కరెంటుకు పాత డయోడ్లు, స్విచ్ కాంటాక్టులు తట్టుకోలేవు. వోల్టు రేటింగు పాతదాని కంటే తక్కువ ఉండకూడదు. 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది తీసుకోండి, హీట్‌సింక్ పక్కన అయితే మరీ. ప్లస్, మైనస్ తిరగేయకుండా విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో మాట, మోత పోయిందని సంబరపడి వెంటనే మంచి స్పీకర్లు తగిలించొద్దు. అవుట్‌పుట్ కండెన్సర్ గానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ లేని సెట్టయితే, స్పీకరు టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. వోల్టుల్లో చూపిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయినట్టు, స్పీకరు కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది.

ప్రశ్న: 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు కొత్తవి వేస్తే వారానికే పోతున్నాయి. నకిలీవేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నకిలీవి కుప్పలుగా ఉన్నాయి, నిజమే. కానీ నేరం ప్రతిసారీ వాటిదే కాదు. ఈ ట్రాన్సిస్టర్‌లో లోహపు ఒళ్లంతా కలెక్టరే (దాని మూడు కనెక్షన్లలో ఒకటి), కాబట్టి హీట్‌సింక్‌కు దానికి మధ్య కరెంటు దాటనివ్వని మైకా ముక్క ఉండి తీరాలి, మైకాకు రెండువైపులా తెల్ల పేస్టు పలచగా ఉండాలి. చాలామంది పాత చిరిగిన మైకానే మళ్లీ పెట్టి బిగిస్తారు. బిగించాక మల్టీమీటరుతో ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య చూడండి, బీప్ రాకూడదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా పోతుంటే సరుకు మీదే అనుమానం. కాలిపోయినదాన్ని ఆక్సా బ్లేడుతో కోసి, మీ పాత సెట్టులో కాలిపోయిన అసలుదాన్ని కూడా కోసి పక్కపక్కన పెట్టండి. నకిలీదాంట్లో సిలికాన్ చిప్పు గోటి కొసంత ఉంటుంది, 15 ఆంపియర్లు అది ఎలా మోస్తుంది? అసలు 2ఎన్3055 రేటింగు 60 వోల్టులు, 115 వాట్లు. అప్‌గ్రేడ్ కావాలంటే ఎంజే15015 చూడండి, అదే ఆకారం, అవే కాళ్లు, 120 వోల్టులు, 180 వాట్లు. దాంతో శబ్దం పెరగదు, మన్నిక పెరుగుతుంది. పాత జర్మేనియం సెట్లకు మాత్రం ఈ సలహా వర్తించదు. ఏడీ161, ఏసీ128 లాంటివి ఉన్నచోట సిలికాన్‌ది తెచ్చి పెడితే బయాస్ (ట్రాన్సిస్టర్‌ను తెరిచి ఉంచే చిన్న వోల్టేజి) కుదరదు, జర్మేనియం 0.2, 0.3 వోల్టులకే తెరుచుకుంటుంది, సిలికాన్‌కు 0.6 కావాలి.

ప్రశ్న: హాయ్ అన్నా, డిగ్రీ చదువుతున్నా. తాతయ్య ఆంప్లిఫయర్‌లో బ్లూటూత్ బోర్డు పెట్టాను. పాట వస్తోంది కానీ వెనక చిర్రుచిర్రుమని సౌండ్, సిగ్నల్ కూడా గదిలోపలే.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: బోర్డుకు కరెంటు ఆంప్లిఫయర్ సప్లై నుంచే తీసుకుని ఉంటావమ్మా. ఆ బోర్డు లోపలి డిజిటల్ చప్పుడంతా కామన్ గ్రౌండ్ మీదుగా ప్రీఆంప్లిఫయర్‌లోకి ఎక్కుతోంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి విడిగా పెట్టి, బ్రిడ్జి, 7805 ఐసీతో ఐదు వోల్టులు ఇవ్వు, మెయిన్ సప్లైతో దీన్ని ఎక్కడా కలపకు. గ్రౌండ్ ఆడియో వైరు ద్వారా మాత్రమే కలవాలి. సిగ్నల్ అందకపోవడానికి కారణం ఆ ఇనుప క్యాబినెట్టు. బోర్డును ముందు ప్లాస్టిక్ ప్యానెల్ వెనక్కి జరిపితే చాలు, మూతకు బెజ్జాలు కొట్టొద్దు, తాతయ్య గారి సెట్టు పాడవుతుంది. ఇంకొకటి: అది మోనో సెట్టయితే లెఫ్ట్, రైట్ వైర్లను మెలిపెట్టి కలపకూడదు. ఒక్కోదానికి 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి అప్పుడు కలుపు.

ప్రశ్న: వాల్వు ఆంప్లిఫయర్, రెండు ఈఎల్84 వాల్వులు. వాటిలో ఒకటి పావుగంటకు లోపలి రేకు ఎర్రగా కాలుతోంది. వాల్వు మార్చినా అంతే.
– ఒక రిటైర్డ్ టీచర్, వనపర్తి

జవాబు: మాస్టారూ, వాల్వును వదిలేసి దాని గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) ముందున్న కప్లింగ్ కండెన్సరు (సిగ్నల్‌ను పంపి డీసీని ఆపేది) చూడండి. పాతకాలపు కాగితం కండెన్సర్లు లీకవుతాయి, వెనకటి స్టేజీలోని ప్లస్ వోల్టేజి గ్రిడ్‌కు చేరి వాల్వు విపరీతంగా కరెంటు లాగుతుంది. గ్రిడ్ దగ్గర మీటరు పెడితే దాదాపు సున్నా చూపాలి, రెండు మూడు వోల్టులు ప్లస్ చూపిందంటే దొంగ దొరికినట్టే. అదే విలువలో 630 వోల్టుల పాలీప్రొపిలీన్ కండెన్సరు వేయండి, రెండో వాల్వు వైపుది కూడా మార్చేయండి.

కొన్ని జాగ్రత్తలు. లోపల మూడొందల వోల్టులుంటాయి, కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. వాల్వు సెట్టును స్పీకరు లేకుండా ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. వెనక వోల్టేజి సెలెక్టర్ 220 మీద ఉంటే 240కి మార్చండి, రాత్రి మోటార్లు ఆగాక లైన్ ఎంత పైకి పోతుందో మీకు తెలిసిందే. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ–డీసీ వాల్వు రేడియోలు మాత్రం వేరే కథ. వాటి ఛాసిస్‌కే ఫేజు తగిలి ఉండొచ్చు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుకు లైన్‌తో నేరుగా సంబంధం లేకుండా చేసేది) లేకుండా విప్పొద్దు.

ప్రశ్న: పాత వంద వాట్ల మైక్‌సెట్టు డబ్బా బాగుంది. లోపలంతా పీకేసి క్లాస్–డి బోర్డు (ఇప్పటి చిన్న ఆంప్లిఫయర్ బోర్డు) పెడితే ఎలా ఉంటుంది? నా దగ్గర నాలుగు లౌడ్‌స్పీకర్ గొట్టాలున్నాయి.
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: నాకైతే మనసొప్పదు. సరే, మనసు సంగతి పక్కన పెట్టినా, ఆ గొట్టాలు పలకవు. వాటి యూనిట్లకు లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అవి 100 వోల్టుల లైన్ మీద నడుస్తాయి, అందుకే పొలం గట్టు దాకా సన్న వైరు లాగినా శబ్దం తగ్గదు. 15 వాట్ల ట్యాపింగ్ (ఎన్ని వాట్లు కావాలో ఎంచుకునే కనెక్షన్) దగ్గర ఒక్కో యూనిట్ సుమారు 667 ఓమ్‌లు. మీ క్లాస్–డి బోర్డు అడిగేది నాలుగో ఎనిమిదో ఓమ్‌లు. పాత సెట్టులో ఆ 100 వోల్టులు ఇచ్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే, మీరు పీకేద్దామంటున్నది దాన్నే. నాలుగు గొట్టాలు కలిపి 60 వాట్లు, మీ వంద వాట్ల సెట్టుకు హాయిగా సరిపోతాయి. ఆరు దాకా పెట్టుకోవచ్చు, ఏడోది పెడితే 105 అవుతుంది. మెయిన్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ ఇప్పటికే కాలిపోయి ఉంటే మాత్రం మీ ఇష్టం.

ప్రశ్న: వాల్యూమ్ తిప్పితే కరకర. కిరోసిన్ వేయొచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: వద్దు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కానీ రెండు చుక్కలు లోపలికి పోనిచ్చి, కరెంటు తీసి ఉంచి, నాబ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు ఇరవైసార్లు తిప్పండి. అప్పటికీ పోకపోతే కార్బన్ ట్రాకు అరిగినట్టు, కంట్రోల్ మార్చాలి. కొనేటప్పుడు ఓమ్‌లతో పాటు లాగ్ రకమా, లీనియర్ రకమా అడగండి. వాల్యూమ్‌కు లాగ్ కావాలి, లీనియర్ వేస్తే కొంచెం తిప్పగానే ఇల్లంతా మోగుతుంది.