మీ ప్రశ్నలకు జవాబులు: చీలిక వెనుక ఒక పన్ను

ప్రశ్న: క్రైస్తవం యూదు మతం నుంచి వేరుపడింది సిద్ధాంత భేదాల వల్లేనా? రోమన్ పాలన ప్రభావం ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. సిద్ధాంత భేదాలు మొదటి నుంచీ ఉన్నాయి. కానీ పునరుత్థానం (చనిపోయినవారు తిరిగి లేవడం) మీద పరిసయ్యులు, సద్దూకయ్యులు అనే రెండు యూదు వర్గాలు కూడా గట్టిగా వాదించుకునేవి. అయినా రెండు వర్గాలూ యూదులే. వేరుపాటుకు దారితీసిన వాటిలో ఒక పన్ను ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి.

క్రీ.శ. 70 వరకు ఇరవై ఏళ్లు దాటిన యూదు పురుషులు ఏటా అర షెకెలు యెరూషలేము ఆలయానికి కట్టేవారు. మత్తయి సువార్త 17వ అధ్యాయంలో పేతురును అడిగింది ఈ పన్నే. ఆ ఏడు రోమన్ సైన్యం చేతిలో ఆలయం కాలిపోయాక రోమన్ చక్రవర్తి వెస్పసియను దాన్ని రద్దు చేయలేదు, రోములోని జూపిటర్ గుడికి మళ్లించాడు. సొమ్ము అంతే: రెండు ద్రక్మాలు, దాదాపు రెండు రోజుల కూలి. కట్టేవాళ్లే పెరిగారు. ఈజిప్టులో దొరికిన కుండపెంకు రసీదులు చూస్తే ఆడవాళ్లూ, మూడేళ్లు దాటిన పిల్లలూ కట్టినట్టు తెలుస్తుంది.

దీంతో ఎవరు యూదులో తేల్చే పని పన్ను అధికారుల చేతికి వెళ్లింది. చక్రవర్తి దొమీషియను కాలంలో (81–96) వసూలు మరీ కఠినమైంది. యూదుల్లా బతుకుతూ ఒప్పుకోనివారినీ, పుట్టుక దాచినవారినీ పట్టుకున్నారు. తొంభై ఏళ్ల ముసలాయనకు సున్నతి అయిందో లేదో నిండు కోర్టులో బట్టలు విప్పి చూశారని రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. 96లో గద్దెనెక్కిన నెర్వా ఈ తప్పుడు ఆరోపణలను ఆపి, ఆ సంగతి నాణేల మీద ముద్రించాడు.

యేసును నమ్మిన యూదేతరుల చిక్కు చూడండి. పన్ను కడితే యూదుల కింద లెక్క. కట్టకపోతే, రోమన్ దేవతలకు బలులివ్వకుండా ఉండేందుకు యూదులకున్న రక్షణ వీళ్లకు దక్కదు. 112 ప్రాంతంలో బితూనియ (నేటి తుర్కియే ఉత్తర భాగం) రోమన్ గవర్నరు ప్లినీ క్రైస్తవులను విచారించి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో యూదుల ప్రస్తావనే లేదు, అంటే అతను వాళ్లను వేరుగానే చూశాడు. అయితే విడిపోవడం ఒక్క రోజులో జరగలేదు, ఊరికో తీరుగా సాగింది.

ప్రశ్న: కయప ప్రధాన యాజకుడే కదా, రోమన్ గవర్నరుకు అంత లోబడి ఎందుకున్నాడు?

జవాబు: ఆ పదవి ఇచ్చిందే గవర్నరు. పిలాతుకు ముందు గవర్నరుగా ఉన్న వలేరియస్ గ్రాటస్ కయపను నియమించాడు. పండగల్లో వేసుకునే యాజక వస్త్రాలు సైతం ఆలయం పక్కనున్న అంతోనియ కోటలో రోమన్ల తాళం కిందే ఉండేవి.