పాత మిక్సర్లు విప్పే అబ్బాయి బీటెక్ చదవాలా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. పెళ్లిళ్లకు, జాతరలకు మైక్‌సెట్ అద్దెకిస్తుంటాం. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ ఆఖరి సంవత్సరం. షాపులో మూలన పడేసిన పాత మిక్సర్లన్నీ విప్పి, వాటిలోని మైక్ ప్రీయాంప్‌లు (మైకు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే భాగాలు) తీసి విడిగా డబ్బాల్లో బిగిస్తున్నాడు. విదేశాల్లో ఇలాంటివి లక్షల్లో అమ్ముడుపోతాయట, ఇక బీటెక్ ఎందుకంటున్నాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లక్షల సంగతి తేల్చేద్దాం. మీవాడు చెప్పింది అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 అనే ప్రీయాంప్ మాడ్యూల్, ఒరిజినల్ అయితే, ఈరోజుకీ లక్షల్లోనే పలుకుతుంది. జర్మనీ రేడియో స్టేషన్ల కోసం తయారైన వీ72 అనే వాల్వ్ (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాల) ప్రీయాంప్‌లకూ గిరాకీ ఉంది. అయితే అవి మొదటి నుంచీ విడి పెట్టెలుగా చేసినవే. 1073ని మిక్సర్ డెస్క్‌లోంచి సొరుగులా లాగి 24 వోల్టుల సప్లై ఇస్తే పనిచేస్తుంది. లోపల ఐసీలు ఉండవు. విడి ట్రాన్సిస్టర్లు, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ట్రాన్స్‌ఫార్మర్లు. ధరలో చాలావరకు ఆ ట్రాన్స్‌ఫార్మర్లకూ ఆ పేరుకూ పడేదే. మైక్‌సెట్ షాపుల్లో మూలనపడే మిక్సర్లు ఆ జాతివి కావు.

మన దగ్గరుండేవి రెండు రకాలు. కొత్త చిన్న మిక్సర్లలో చానెళ్లన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. అందులోంచి ఒక్క ప్రీయాంప్ విడదీయాలంటే బోర్డును కోయాల్సిందే, ఆ పని పెట్టుకోవద్దనండి. పాత పెద్ద డెస్క్‌లలో చానెల్‌కొక బోర్డు, వాటన్నిటినీ కలుపుతూ రిబ్బన్ కేబుల్. వీటిని తీయొచ్చు. కాకపోతే లోపలి సర్క్యూట్ ఎక్కువగా ముందు రెండు ట్రాన్సిస్టర్లు, వెనక ఒక ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే ఐసీ). చక్కగానే పనిచేస్తుంది, కానీ అంతకు తీసిపోని సర్క్యూట్ మామూలు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోనే దొరుకుతుంది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, ప్లస్ మైనస్ 15 వోల్టులకో 18 వోల్టులకో పవర్ సప్లై కట్టి, కండెన్సర్ మైకుల కోసం మైకు తీగలోంచే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చి, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) సాకెట్లు, డబ్బా కొనేసరికి కొత్తది కొనుక్కోవడమే చవక అనిపిస్తుంది. వ్యాపారంగా దీన్ని నేను ఒప్పుకోను.

అలాగని ఆ బోర్డులు తూకానికి వేసేయకండి. ఆప్‌యాంప్ మీద పది మార్కుల జవాబు గడగడా రాసేసి, అదే ఐసీ చేతిలో పెడితే దిక్కులు చూసే పిల్లలు నా దగ్గరకు చాలామంది వస్తారు. మీవాడు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) లేని బోర్డు ముందు కూర్చుని, ఎనిమిది కాళ్ల డ్యూయల్ ఆప్‌యాంప్‌లో 8వ కాలు ప్లస్ సప్లై, 4వ కాలు మైనస్ సప్లై అన్న ఒక్క ఆధారం పట్టుకుని, మల్టీమీటర్‌తో రిబ్బన్‌లో ఏ తీగ ఏమిటో కనిపెడుతూ ఉండుంటాడు. ఈక్వలైజర్‌కు ముందు, ఇన్సర్ట్ (బయటి పరికరం కలిపే సాకెట్) దగ్గర సిగ్నల్ అందుకోవాలని తనకు తానే తెలుసుకుని ఉంటాడు. ఇది నేర్పించాలంటే కాలేజీలకు తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ పనితనం సౌండ్ ఒక్కదానికే అక్కరకొస్తుందనుకోకండి. మామూలు డైనమిక్ మైకులోంచి వచ్చేది మిల్లీవోల్టో రెండు మిల్లీవోల్టులో. దాన్ని వెయ్యి రెట్ల దాకా పెంచాలి, అంటే 60 డెసిబెల్స్. అదే సమయంలో రెండు తీగల్లోకీ సమానంగా చొరబడిన 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ను కొట్టేయాలి. ఈసీజీ యంత్రం చేసేదీ ఇదే. గుండె సిగ్నల్ కూడా ఛాతీ మీద మిల్లీవోల్టు లెక్కలోనే ఉంటుంది, ఒంటి మీదికీ గది వైరింగ్ హమ్ వస్తుంది. వైద్య పరికరాలు, సెన్సర్లు, కొలత పరికరాలు, అనలాగ్ చిప్ డిజైన్, ఇలా ఎక్కడికెళ్లినా చిన్న సిగ్నల్‌ను రొదలోంచి బయటకు లాగడం వచ్చినవాడికి పని ఉంటుంది. ఇవి అందుకోవాలంటే మాత్రం డిగ్రీ కావాలి. చిప్ డిజైన్‌కైతే తర్వాత గేట్ రాసి ఎంటెక్ చేస్తే మంచిది.

కాబట్టి ఈసెట్ (డిప్లొమా వాళ్లకు బీటెక్ ప్రవేశ పరీక్ష) రాయించండి. లేటరల్ ఎంట్రీలో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతాడు, నాలుగేళ్లకు బదులు మూడేళ్లు చదివితే చాలు. బ్రాంచి ఈసీఈ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్. ‘కంప్యూటర్స్‌కు మార్చుకోండి’ అని చెప్పే చుట్టాలు తప్పకుండా తయారవుతారు, వాళ్ల మాట పక్కన పెట్టండి. అబ్బాయికి నిజంగా సినిమా సౌండ్ మీదే మనసుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లు ఉన్నాయి. వాటికి డిగ్రీ కావాలి, ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ కూడా అడుగుతారు. మీవాడు డిప్లొమా దారిలో వచ్చాడు కాబట్టి నోటిఫికేషన్‌లో ఆ అర్హత దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఈలోగా ఇప్పటిదాకా చేసింది కాగితం మీద పెట్టమనండి. తీసిన బోర్డు సర్క్యూట్‌ను కైక్యాడ్‌లో గీసి, ఎల్‌టీ స్పైస్‌లో నడిపి చూడాలి. సర్క్యూట్ గీయడానికి, కంప్యూటర్‌లోనే నడిపి చూడటానికి వాడే ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఆ తర్వాత కొలత. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పూర్తిగా తిప్పి, అవుట్‌పుట్‌లో ఎంత రొద వస్తుందో సౌండ్‌కార్డుతో రికార్డు చేయాలి. సౌండ్‌కార్డును ముందే తెలిసిన వోల్టేజీ టోన్‌తో క్యాలిబ్రేట్ చేసుకోవాలి. వచ్చిన అంకెలోంచి గెయిన్ తీసేస్తే ఇన్‌పుట్ దగ్గరి రొద తెలుస్తుంది. 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఆ రెసిస్టర్ సొంత రొదే దాదాపు మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత, మైనస్ అంకె ఎంత పెద్దదైతే రొద అంత తక్కువ). మంచి ప్రీయాంప్ మైనస్ 127, 129 మధ్య ఉంటుంది. మీవాడి బోర్డు మైనస్ 115 చూపించిందనుకోండి, ఎందుకలా వచ్చిందో, ఏ భాగం మారిస్తే ఎంత తగ్గిందో రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావు?’ అని అడిగితే, కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ముందు ఈ నాలుగు పేజీలు ఎంత నిలబడతాయో ఊహించండి.

ఇక జాగ్రత్తలు. ప్లగ్ పీకేసినా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలే ఉంటుంది. రెసిస్టర్‌తో దింపి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. వాల్వ్ సెట్లు దొరికితే ఒంటరిగా ముట్టుకోనివ్వకండి, వాటిలో వందల వోల్టులుంటాయి. ఇన్‌పుట్ దగ్గర మార్చే కెపాసిటర్లు ఫాంటమ్‌ను తట్టుకునేలా 63 వోల్టులవి వాడాలి. ఇనుప డబ్బాకు ఎర్త్ తప్పనిసరి. హమ్ వస్తోందని త్రీపిన్ ప్లగ్‌లో ఎర్త్ తీగ పీకేయడం మన మైక్‌సెట్ వాళ్లకు అలవాటు. దానివల్ల వానాకాలం జాతర్లలో మైక్ పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. హమ్ పోవాలంటే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. మీ షాపులో ఎర్త్ లేని ప్లగ్‌లు ఎన్నున్నాయో ఈ వారమే అబ్బాయి చేత చూపించి, అన్నిటికీ ఎర్త్ కలిపించండి.